గడ్డం ఛాతీకి ఆనని ఊరు: శ్రీమతి అరుణజ్యోతి గారి ఉపాధ్యాయ జీవితం

1989వ సంవత్సరం నవంబరు నెల పదిహేడవ తేదీ శుక్రవారం ఉదయం, విడపనకల్లు మండలంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో శ్రీమతి అరుణజ్యోతి గారు హాజరు పట్టీలో తమ తొలి సంతకం చేశారు. 2025 జూలై ముప్పై ఒకటవ తేదీ గురువారం సాయంత్రం, మన తుమ్మలగుట్టపల్లి ఉన్నత పాఠశాలలో చివరి సంతకం చేయబోతున్నారు. ఈ రెండు సంతకాల నడుమ గడిచిన ముప్పై అయిదేళ్ల పైచిలుకు కాలాన్ని నాలుగు పుటల్లో ఇమడ్చడం సులభం కాదు. పైగా అభినందన సంచికలో మంచి మాటలే రాయడం ఆనవాయితీ కాగా, మేడం గారు తమ గురించి రాసేవారికి ఒకే ఒక షరతు పెట్టారు. "బోరు సంగతి రాయకుండా నా గురించి ఏమీ రాయొద్దు" అన్నారు. ఆ షరతుకు లోబడి రాసిన వ్యాసమిది.

అరుణజ్యోతి గారు ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబంలో జన్మించారు. వారి తండ్రి నాగేశ్వర గారు నలభై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చుని నేసినవారు. పొద్దు గూకేవేళ ఆయన గుంటలోంచి పైకి లేవాలంటే దూలానికి కట్టిన తాడు ఒక చేత్తోనూ, కూతురి భుజం మరో చేత్తోనూ పట్టుకోవాల్సి వచ్చేది. లేచిన తర్వాత కూడా మోకాళ్లు వెంటనే సాగేవి కావు. సగం వంగిన కాళ్లతో గోడ పట్టుకుని కాసేపు నిలబడేవారు. "నాయనా, మోకాల్లో ఏముంటాది?" అని అడిగితే, "ఏముంటాదో తెలిస్తే తీసి బాగు చేసుకుందును గదా పాపా" అని నవ్వేవారట. మోకాలంటే ఏమిటో ఆమెకు పుస్తకం కంటే ముందు ఆ మగ్గం గుంట చెప్పింది. కళాశాలలో జీవశాస్త్రం తీసుకోవడానికి వేరే కారణం లేదని ఆమె అంటారు.

విడపనకల్లు పల్లెలో పిల్లలు ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడేవారు. అస్థిపంజరం బొమ్మ కాదుగదా, గోడకు తగిలించే పటం కూడా లేని బడి అది. కాబట్టి ఆమె పిల్లల ఒంటినే పటంగా చేసుకున్నారు. రుబ్బురోట్లో పొత్రం తిప్పి చూపించి, భుజంలోనూ తుంటిలోనూ ఉండేది బంతి గిన్నె కీలు అని చెప్పేవారు. తలుపు తీసి మూసి, మోచేయిలో మోకాల్లో ఉన్నది మడత బందు కీలు అనేవారు. మెడ మీద తలను అటూ ఇటూ తిప్పించి బొంగరపు కీలునూ, మణికట్టు ఆడించి జారెడు కీలునూ గుర్తు చేయించేవారు. చివరికి ఎవరో ఒకరి నడినెత్తిన వేళ్లతో మెల్లగా కొట్టి, "ఇది కదలకూడని కీలు. పుర్రెలో ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండాల. తక్కిన చోట్ల అతుక్కుంటే మనిషి కట్టె అయిపోతాడు" అనేవారు.

పాఠం అయ్యాక పిల్లలందరినీ లేపి నిలబెట్టి మూడు పనులు చేయించడం ఆమె పద్ధతి. గడ్డం ఛాతీకి ఆనించాలి. రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి వేళ్లు కలపాలి. మోకాళ్లు వంచకుండా వంగి కాలి బొటనవేళ్లు ముట్టుకోవాలి. పిల్లలు దానికి కీళ్ల పీరియడ్ అని పేరు పెట్టారు. ఆమె ఏ ఊరికి బదిలీ అయినా ఆ పీరియడ్ వెంట వెళ్లింది.

1997లో స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది అరుణజ్యోతి గారు మన పాఠశాలకు వచ్చారు. మరుసటి ఏడు వేసవిలో ఊరి బావులు మూడూ అడుగంటాయి. పిల్లలు సీసాల్లో తెచ్చుకున్న నీళ్లు పదకొండు గంటలకే అయిపోయేవి. ప్రార్థన వరుసలో ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయిన రోజు సాయంత్రమే ఆమె అర్జీ రాసుకుని మండల కార్యాలయానికి నల్లమాడ బస్సు ఎక్కారు. ఆ తర్వాత పదకొండు సార్లు ఎక్కారు. పన్నెండోసారి ఆమె తిరిగి వచ్చేటప్పుడు వెనకే బోరు వేసే బండి వచ్చింది. నాలుగు వందల పది అడుగుల లోతున నీరు పడింది. బురద నీళ్లు ఎగజిమ్మగానే ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు. బడి గోడ పక్కన తొట్టి కట్టి నాలుగు కొళాయిలు బిగించారు. తొట్టికి అమర్చిన నాపరాయి మీద ఆమె పేరు చెక్కించినవారు ఊరి పెద్ద ఎర్రన్న గారు.

"ఇంగ మీ పేరు చెప్పుకోని తాగతాం మేడమ్మా. ఊరు ఊరంతా తాగతాం" అన్నారట ఆయన.

ఊరు ఊరంతా తాగింది. 2003లో ఆమె కణేకల్ ప్రాంతానికి బదిలీ అయినప్పుడు బస్సు దాకా వచ్చి సాగనంపింది. ఏడేళ్ల తర్వాత బదిలీల కౌన్సెలింగులో, పట్నానికి దగ్గరగా ఉన్న మూడు పాఠశాలలను కాదని ఆమె మళ్లీ మన ఊరినే కోరుకున్నారు. నలుగురు ఆప్యాయంగా పలకరించే చోట మిగిలిన సర్వీసు గడపాలన్నదే ఆనాటి తమ కోరిక అని ఆమె దాచకుండా చెబుతారు.

2011 ఆగస్టులో ఎనిమిదవ తరగతిలో కీళ్ల పీరియడ్ వచ్చింది. ఆ తరగతిలో ప్రసూన అనే అమ్మాయి ఉండేది. పడమటి వీధి బయ్యన్న, బయమ్మల కూతురు. మాట తక్కువ. పాఠం వింటున్నప్పుడు కూడా నిటారుగా, ఎవరితోనో పంతం పట్టినట్టు కూర్చునేది. ముందు రోజే మేడం గారు ఆ పిల్లను నోటు పుస్తకం వైపు చూడకుండా రాస్తోందని మందలించి ఉన్నారు. ఆనాడు తరగతి అంతా గడ్డం ఛాతీకి ఆనిస్తే ప్రసూన ఒక్కతే నిటారుగా నిలబడింది.

"ఏం ప్రసూనా, నీకు వేరే చెప్పాల్నా?"

"రాదు మేడం."

"రాకపోవడమేంది? చిన్నపిల్లోళ్లు గూడా చేస్తారు."

వెనక బెంచీ నుంచి దేవేంద్ర అనే అబ్బాయి, "అది మహారాణి మేడం, ఎవురికీ దించదు" అన్నాడు. తరగతి గొల్లుమంది. మేడం గారికి కోపం వచ్చింది. ఆమె ప్రసూన దగ్గరికి వెళ్లి, తల వెనక చేయి పెట్టి, కిందికి నొక్కారు.

ఆ పిల్ల పెట్టిన కేక పక్క తరగతిలోని ఉపాధ్యాయుడు పరుగెత్తుకొచ్చేంత గట్టిగా ఉంది. తన అరచేతికి తగిలిన ఆ బిగువును మేడం గారు ఈనాటికీ మరిచిపోలేదు. మొండితనమైతే కాసేపటికి సడలుతుంది. అది సడలలేదు. నీళ్లు తాగించి కూర్చోబెట్టారు. మరునాడు ప్రసూన బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

మూడో రోజు సాయంత్రం అరుణజ్యోతి గారు పడమటి వీధికి వెళ్లారు. బయ్యన్న అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆమె పిలుపు విని ఆయన తల తిప్పలేదు. ముందు చేతులు ఆనించి, నడుముతో సహా ఒళ్లంతా తిప్పి చూశాడు. ఆయన వయసు అప్పటికి నలభై రెండు. లోపలి నుంచి బయమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"పాప మెడ నొప్పికి శనగనూనె రాస్తాండాం మేడం. తగ్గుతాదిలే. మీరేం మనసులో పెట్టుకోవద్దండి" అంది బయమ్మ. తప్పు చేసిన మనిషికి ఓదార్పు కూడా ఆమే చెప్పింది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల ఉండాది బయమ్మా?"

"ఏడాది రెండేండ్లయింది. నాకు మోకాళ్లు, ఆయప్పకు నడుము. మా వీదిలో ఎవురికి లేదు చెప్పండి? తిప్పయ్య అయితే ఆకాశం చూసి ఎన్నేండ్లయిందో. అంతా చేన్ల పని జేసి జేసి" అంది.

బయ్యన్న నవ్వాడు. "మా ఊరోళ్లం పోలీసోళ్ల మాదిరి మేడం. ఎవురొచ్చినా నిక్కి నిలబడతాం" అన్నాడు.

ఆమె నవ్వలేకపోయారు. ఒక ఇంట్లో నలభై రెండేళ్ల తండ్రికీ, ముప్పై ఆరేళ్ల తల్లికీ, పదమూడేళ్ల కూతురికీ ఒకేసారి కీళ్లు బిగుసుకుపోవడం ఏ పుస్తకంలో చదివారో ఆమెకు అక్కడే గుర్తుకు వచ్చింది. ప్రసూన గడప లోపల నిలబడి ఉంది. "ఎప్పుడు పుట్టింది పాప?" అని అడిగారు. "మీరు బోరు ఏపిచ్చిన్నాడే గదా మేడం, నేను నిండు చూలాలు. ఆ నీళ్లతోనే పురుటి స్నానం" అంది బయమ్మ. బోరుకూ ఆ పిల్లకూ ఒకే వయసు.

ఆ వారంలోనే రెండు సీసాల నీళ్లు జిల్లా కేంద్రానికి పరీక్షకు వెళ్లాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడు, బడి బోరు నీటిలో అయిదు దాటి ఉందని కాగితం వచ్చింది. రాతి పొరల లోతు నుంచి వచ్చిన ఆ నీరు చూడటానికి తేటగా, రుచికి తియ్యగా ఉంటుంది. పదేళ్లు తాగితే ఎముకల చుట్టూ పేరుకుని, కదలాల్సిన కీలును కదలని కీలుగా మారుస్తుంది. మారిన కీలు మళ్లీ వెనక్కి మారదు. ఊరి ఒంటి మీద ఆ పని జరుగుతున్న పదమూడేళ్లూ తొట్టి రాయి మీద ఉన్నది తమ పేరేనన్న ఆలోచన ఆమెను పట్టుకుంది. ఆ రోజు నుంచి బోరు మూయించడం ఒక్కటే ఆమె పని అయింది.

అది తేలిక కాలేదు. అధికారులు వచ్చి తొట్టికి ఎర్ర రంగు పూసి వెళ్లారు. ఎర్ర రంగు వేసిన కొళాయి నీళ్లు తాగరాదని దాని అర్థం. ఆడవాళ్లు మరునాడు యథాప్రకారం బిందెలు పెట్టారు. "పెండ్లి పందిరి మాదిరి ఉండాది మేడం, ఇంగో కోటు ఎయ్యమనండి" అని శ్రీరంగప్ప అనే ఆసామి ఎగతాళి చేశాడు. తాగేందుకు పనికొచ్చే నీరున్నది ఒక్క తోట బావిలో. అది ఒకటిన్నర కిలోమీటరు అవతల. బిగిసిన మెడల మీద బిందెలు పెట్టుకుని అంత దూరం నడవమనడం ఎంత క్రూరమో ఆమెకు తెలుసు. తెలిసీ ఇంటింటికీ వెళ్లి చెప్పారు. కొందరు తలుపు వేసుకున్నారు. "దప్పికైనోళ్లకు నీళ్లిచ్చి మళ్లీ గుంజుకుంటారా?" అని ఒక ముసలమ్మ, భద్రమ్మ, వీధిలో అందరి ముందు అడిగింది.

నవంబరులో ఒక ఆదివారం ఎర్రన్న గారు బడి ఆవరణలో ఊరిని కూర్చోబెట్టారు. ఆయన ఉద్దేశం మేడం గారికి నచ్చజెప్పడమే.

"మేడమ్మా, నువ్వు ఏపిచ్చిన బోరు నువ్వే మూస్తానంటే జనం నవ్వరా? ఆ కాగితంలో ఏముండాదో మాకు తెల్దు. నీళ్లు తాగితే ఎముకలు అతుక్కుంటాయంటే ఎవురు నమ్మాల?"

అరుణజ్యోతి గారు కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేశారు. "కాగితం వద్దులే పెద్దాయనా. పిల్లోళ్లకు చెప్పే పాఠమే మీకూ చెప్తా. పది నిమిషాలు. లేచి నిలబడండి" అన్నారు.

నవ్వులు మొదలయ్యాయి. "ఈ వయసులో మల్లా ఎనిమిదో తరగతా?" "ఫెయిలైతే బెత్తంతో కొడతారా మేడం?" అంటూనే, జాతరలో ఆటకు లేచినట్టు అందరూ లేచారు. గడ్డం ఛాతీకి ఆనించమన్నారామె. ముందు వరుసలో శ్రీరంగప్ప నవ్వుతూ ప్రయత్నించాడు. గడ్డానికీ ఛాతీకీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది. "చొక్కా బిగువైంది" అని, మళ్లీ వంచాడు. సందు అలాగే ఉంది. పక్కవాడు అతన్ని చూసి నవ్వబోయి, తన మెడ కూడా అక్కడే ఆగిపోవడంతో నోరు మూశాడు. చేతులు తల వెనక కలపమన్నారు. భద్రమ్మ మోచేతులు చెవుల దాకా రాలేదు. వంగి కాలి వేళ్లు ముట్టుకోమన్నారు. తిప్పయ్య వంగడానికి చూసి ముందుకు తూలితే ఇద్దరు పట్టుకున్నారు. ఒకరొకరుగా నవ్వులు ఆగిపోయాయి. ఎవరి ఒంటి సంగతి వాళ్లకు తెలుసుగానీ, ఊరంతా ఒకేచోట ఆగిపోవడం వాళ్లు చూడటం అదే మొదటిసారి.

అప్పుడు, రెండేళ్ల కిందట కోడలిగా వచ్చిన రేఖ అనే అమ్మాయి, చంకలో బిడ్డను అత్త చేతికిచ్చి వంగి కాలి వేళ్లు ముట్టుకుంది. ఆమె ఈ ఊరి నీళ్లు తాగి పెరగలేదు. లేచి నిలబడి చుట్టూ చూసి, ఏదో తప్పు చేసినదానిలా బిడ్డను తిరిగి తీసుకుని హత్తుకుంది.

ఎర్రన్న గారే ముందు అడిగారు. "మూస్తే మా మెడలు బాగవుతాయా?"

అబద్ధం చెబితే పని సులభంగా జరిగిపోయేది. అరుణజ్యోతి గారు, "కావు పెద్దాయనా. మీవీ కావు, ప్రసూనదీ కాదు. రేఖ చంకలో బిడ్డది మాత్రం చెడదు" అన్నారు.

అందరికంటే ముందు కదిలినవాడు బయ్యన్న. "తోట బావికి నా కూతురు నడుస్తాది. నేనూ నడుస్తా. ఆ మోటరు ఎత్తండప్పా" అన్నాడు. ఆ సాయంత్రమే మూడు కొయ్యలు నిలబెట్టి, గొలుసు వేసి, నాలుగు వందల అడుగుల గొట్టాన్ని ముక్కముక్కగా ఊడదీస్తూ మోటారు పైకి లాగారు. బయ్యన్న వంగలేడు కాబట్టి నిలబడి గొలుసు పట్టుకున్నాడు. బోరు నోటి మీద బండ వేసి సిమెంటు పూశారు. తొట్టి రాయి మీద ఉన్న తమ పేరును చెరిపించడానికి మేడం గారు ఒప్పుకోలేదు. "ఉండనీండి. చేసింది నేనే గదా" అన్నారు.

ఆ తర్వాతి కథ విజయగాథ కాదు. ఆ ఎండాకాలం తోట బావి దారిలో భద్రమ్మ బిందెతో సహా పడి తుంటి విరిగి, ఆరు నెలలు మంచంలో ఉండి చనిపోయింది. దహనానికి వెళ్లిన మేడం గారితో ఆమె కొడుకు మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు. మరుసటి సంవత్సరం నుంచి వానాకాలంలో బడి కప్పు మీద నీటిని పట్టి నిలవ చేసే తొట్టెలు కట్టించారు. వానలు పడిన ఏడు అవి ఆరు నెలలు ఆదుకున్నాయి, పడని ఏడు ఆదుకోలేదు. అధికారుల చుట్టూ తిరిగి తిరిగి నీళ్ల ట్యాంకరు సాధించారు. ట్యాంకరు రాని వారాలూ ఉన్నాయి. మధ్యలో అయిదేళ్లు వేరే పాఠశాలలో పనిచేసి, చివరి రెండేళ్ల సర్వీసుకు ఆమె తిరిగి ఇక్కడికే వచ్చారు.

ప్రసూన గారు పదవ తరగతి పూర్తి చేసి, ఇప్పుడు ఊళ్లోనే రవికెలు కుడుతున్నారు. మెడ కిందికి రాదు కాబట్టి కుట్టుమిషన్‌ను ఇటుకలు పేర్చి గద్దెలా కట్టిన దిమ్మె మీద పెట్టించుకున్నారు. గుడ్డను కళ్ల ఎత్తున పట్టుకుని, ఎత్తయిన స్టూలు మీద నిటారుగా కూర్చుని కుడతారు. మేడం గారు తమ రవికెలన్నీ అక్కడే కుట్టించుకుంటారు. ఆనాడు నొక్కిన చేతి గురించి ఆమె క్షమాపణ అడిగినప్పుడు ప్రసూన గారు, "మీరు నొక్కకపోతే ఎవురికీ తెలిసేది గాదు మేడం. కానీ నొప్పి మాత్రం నాకు గుర్తుండాది" అన్నారట. ఆ రెండు వాక్యాలనూ కలిపే రాయమని మేడం గారు చెప్పారు.

ఈ సంవత్సరం జూన్ నెలాఖరు వరకు వాన లేదు. తోట బావి ఎండింది. ట్యాంకరు తొమ్మిది రోజులు రాలేదు. సన్మాన సభ ఏర్పాట్ల కోసం పది రోజుల క్రితం పాఠశాలలో సమావేశమైనప్పుడు పూలమాలల సంగతి పక్కకు పోయి బోరు మాట పైకి వచ్చింది. కొత్త మోటారు దించుదామని, బండ పగలగొట్టడానికి గంట పట్టదని శ్రీరంగప్ప గారు అన్నారు. "మేడం ఉండంగ బాగుండదు. నెలాఖరుకు పోతారు గదా, ఆ తర్వాత చూసుకుందాం" అని ఒకరు సర్దిచెప్పారు. వృద్ధులైన ఎర్రన్న గారు ఔననలేదు, కాదనలేదు.

మేడం గారు అక్కడే ఉన్నారు. ఆమె లేవబోయారు, అంతలో ద్వారం వైపు నుంచి మాట వినిపించింది. సన్మానపు రవికె కొలతకని వచ్చిన ప్రసూన గారు ద్వారం దగ్గర నిలబడి ఉన్నారు.

"మామా, ఆ బండ పగలగొట్టే పొద్దు నాకు చెప్పు, ఆడికొచ్చి నిలబడతా" అన్నారు శ్రీరంగప్ప గారితో. "ఊర్లో చంటిబిడ్డలందర్నీ పిల్చుకరాండి. మొదటి బిందె పట్టేముందు నా మెడ ఎట్లుండాదో వాళ్ల అమ్మలు ఒకతూరి తాకి చూడాల. తాకి చూసి గూడా నీళ్లు పడతామంటే, నేనే మోటరు స్విచ్చి ఏస్తా."

రేఖ గారు లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డారు. ఆ రోజుకు బోరు మాట ఆగింది. రేపటి సంగతి ఎవరికీ తెలియదు. ట్యాంకరు మరునాడు వచ్చింది.

శ్రీమతి అరుణజ్యోతి గారి సేవలను కొనియాడటానికి మా దగ్గర పెద్ద మాటలు లేవు. మేలు తలచి చేసిన పని కీడైనప్పుడు, దాన్ని అందరి ముందూ తమదని ఒప్పుకుని, మిగిలిన సర్వీసంతా దాని వెంట నడిచిన ఉపాధ్యాయురాలు వారు. ఈ ఏడు ఎనిమిదవ తరగతిలో కీళ్ల పీరియడ్ వారు జూలైలోనే ముగించారు. ఇరవై ఆరు మంది పిల్లల్లో ఇరవై ముగ్గురి గడ్డాలు ఛాతీకి ఆనాయి. ఆనని ముగ్గురూ ఇంకా బోరు నీళ్లే తాగుతున్న పక్క పల్లెల పిల్లలు. వారి పేర్లు మేడం గారు ఒక కాగితం మీద రాసుకున్నారు. పదవీ విరమణ తర్వాత ఏం చేస్తారని అడిగినవారికి ఆ కాగితమే చూపిస్తున్నారు.

ఆ పల్లెలకు నడిచి వెళ్లగల మోకాళ్లతో, అధికారుల బల్లల ముందు ఎంతసేపైనా నిలబడగల నడుముతో, శ్రీమతి అరుణజ్యోతి గారు నిండు ఆరోగ్యంగా నూరేళ్లు జీవించాలని పాఠశాల ఉపాధ్యాయ బృందం, విద్యార్థినీ విద్యార్థుల పక్షాన ప్రార్థిస్తున్నాము. ఆ నూరేళ్లలో ఏ ఒక్కనాడూ తుమ్మలగుట్టపల్లి బోరు మీద బండ కదిలిందన్న కబురు వారి చెవిన పడకుండా చూసే బాధ్యత ఇకపై మాది.